బొచ్చె: ఒక తెలుగు మాట సముద్రయానము

బొచ్చె యనగానే మదనపల్లె, కుప్పం ప్రాంతముల శ్రోతలకు స్ఫురించునది చెరువుచేప. ఉప్పునీటితో దానికి పని లేదు. అయినను ఆ మాటయే సముద్రపుచేప యొకదానికి శాస్త్రనామమైనది. పుంగనూరు పేరు పొట్టి ఆవు వెంట దేశాంతరములకు పోయినట్లు, ఈ మాట ఒక ఎఱ్ఱచేప వెంట పోయినది.

ఆ చేప పేరు మిరిప్రిస్టిస్ బొట్చె. జానెడుకు కొంచె మటునిటు. కన్నులు మాత్రము మిక్కిలి పెద్దవి. పగలెల్ల రాతిగుహలలో, పగడపుదిబ్బల నీడలలో దాగియుండి, చీకటి పడగానే వెలువడి, నీటిలో తేలియాడు సూక్ష్మప్రాణులను తినును. లోతునకు పోయిన కొలది ఎఱుపు వెలుగు ముందుగా హరించును గనుక, ఎఱ్ఱని మేను అచట నల్లనై శత్రువుల కన్నుగప్పును.

స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్‌ను ఈస్టిండియా కంపెనీ 1785లో ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించినది. విశాఖపట్టణమున ఆయన చేపలను సేకరించి, దేశీయ చిత్రకారునిచే బొమ్మలు వ్రాయించి, తీరమున విన్న తెలుగు పేర్లను రోమను లిపిలో నెక్కించెను. రెండువందల చేపల ఆ గ్రంథము 1803లో లండనులో వెలువడినది. అందలి బొచ్చె బొమ్మను ఆధారము చేసికొనియే, భారతదేశము నెన్నడును చూడని ఫ్రెంచి పండితుడు కువియే 1829లో ఈ చేపకు పేరు పెట్టెను. ప్రాసెస్‌లో పలుకు కొంత చెడినది గాని మాట నిలిచినది. పెద్ద పొలుసులను చూచి పల్లెకారులు దీనిని చెరువుబొచ్చెతో పోల్చిరేమో! ఇది మా యూహ మాత్రమే.

ఇందొక వింత కలదు. మన మెట్టపొలములలో రైతులు జడియు రక్తపింజరకు రస్సెల్ తన 1796 నాటి సర్పగ్రంథమున ‘కాటుక రేకుల పొడ’ యను తెలుగు పేరునే వ్రాసెను. ఎంత చక్కని పేరు! శాస్త్రజ్ఞులు దానిని విడిచి, పాముకు రస్సెల్ పేరే పెట్టిరి. చేపకు మాత్రము పల్లెకారుని మాట దక్కినది.

మాట దక్కెనే గాని మనిషి దక్కలేదు. రేయి మేతకు వచ్చు ఈ చేప యునికిని ఎఱిగి, పట్టి తెచ్చి, పేరు చెప్పిన వాని నెవరును పేర్కొనలేదు. గ్రంథ ముఖపత్రముపై గ్రంథకర్తగా నున్నది రస్సెల్ పేరొక్కటే.