ఎర్రచందనం: ఔషధ పరిశోధన చరిత్ర

ఎర్రచందనం చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు. శాస్త్రనామం టెరోకార్పస్ శాంటలైనస్. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా పెరగదు. శేషాచలం, పాలకొండ, లంకమల కొండలు దీనికి పుట్టిల్లు. అక్కడి నుంచి నెల్లూరు జిల్లాకు పడమటి గోడలా నిలిచిన వెలిగొండల మీదుగా రాపూరు, ఆత్మకూరు, ఉదయగిరి అటవీ రేంజీల దాకా విస్తరించింది. ఈ చెట్టు పేరు వినగానే దుంగలు, స్మగ్లర్లు, వేలంపాటలు గుర్తుకొస్తాయి. ఈ వ్యాసం వాటి గురించి కాదు. చేవలోనూ బెరడులోనూ ఉన్న పదార్థాలను వైద్యులు, రసాయన శాస్త్రవేత్తలు, ఫార్మసీ పరిశోధకులు ఎలా అర్థం చేసుకుంటూ వచ్చారో చెప్పడం దీని ఉద్దేశం. రెండు వందల ఏళ్లలో ఈ కలప రసాయనం దాదాపు పూర్తిగా తెలిసింది. రోగి మీద దాని పనితనం మాత్రం ఇంకా తేలలేదు.

చెట్టు, చేవ

ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల కొండల్లాంటి రాతి నేలలు, వాన తక్కువైన వాలులు ఈ చెట్టుకు ఇష్టం. ఆకులో సాధారణంగా మూడు రెక్కలుంటాయి. వేసవిలో పసుపుపచ్చ పూలు పూస్తుంది. కాయ గుండ్రంగా, చుట్టూ పలుచని రెక్కతో ఉండి గాలికి కొట్టుకుపోతుంది. బెరడు కింద ముందుగా తెల్లచెక్క, దాని లోపల ముదురు ఎరుపు చేవ. మందుకైనా రంగుకైనా పనికొచ్చేది ఈ చేవే. అది ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. శ్రీగంధంతో దీనికి చుట్టరికం లేదు, సువాసన కూడా లేదు. ఉదయగిరిలో తయారయ్యే పేరుపొందిన కొయ్య గరిటెలు, చెంచాలు ఈ కలపతో చేసినవని కొందరు అనుకుంటారు. వాటికి వాడేది వేరే అడవి చెక్కలు.

సంప్రదాయ వైద్యంలో

ఆయుర్వేదంలో దీని పేరు రక్తచందనం. 16వ శతాబ్దపు భావప్రకాశం కర్పూరాది వర్గంలో దీన్ని వర్ణించింది. శీతగుణం కలదని, రక్తపిత్తానికి, జ్వరానికి, చర్మరోగాలకు, కళ్లకు మంచిదని వైద్యులు చెబుతూ వచ్చారు. ముఖకాంతి కోసం వాడే కుంకుమాది తైలంలోనూ ఇది ఉంది. ఇప్పటి భారత ఆయుర్వేద ఫార్మకోపియా కూడా రక్తచందనాన్ని ఔషధ ద్రవ్యంగా గుర్తించింది. అందులో చెప్పింది చేవ గురించే.

ఇళ్లలో వాడుక ఇంకా సూటిగా ఉంటుంది. చిన్న చేవముక్కను సానరాయి మీద నీళ్లతో అరగదీసి ఆ గంధాన్ని సెగగడ్డలకు, వాపులకు, తలనొప్పికి పట్టు వేస్తారు. నెల్లూరు జిల్లాలో మూలికల ఎరుకకు పేరుపడ్డవారు యానాదులు. ఆ ఎరుకలో చాలా భాగం ఎప్పుడూ కాగితం మీదికి రాలేదు. బెరడు కషాయం చక్కెర జబ్బుకు పనిచేస్తుందన్న నమ్మకం గ్రంథాల్లోని రక్తచందన చికిత్స కంటే జనం వాడుకకే దగ్గర. ఆధునిక పరిశోధనకు దారి చూపింది ఈ నమ్మకమే కనుక ఈ తేడా ముఖ్యం. గ్రంథం చేవ గురించి చెప్పింది, ప్రయోగశాల ఎక్కువగా బెరడును పట్టుకుంది. ఒకదాని ఫలితాన్ని రెండోదానికి అంటగట్టడం సరికాదు. అయినా మందుల చీటీల మీద, ప్రచార పత్రాల మీద ఇది తరచూ జరుగుతోంది.

ఐరోపా మందుల కొట్టులో

చిన్న లిన్నేయస్ గ్రంథం ద్వారా 1782లో ఈ చెట్టుకు ఇప్పటి శాస్త్రనామం దక్కింది. అంతకు చాలాకాలం ముందే దీని చెక్క ఓడల మీద ఐరోపా చేరింది. అక్కడ దాని విలువ మందుగా కాదు, మందుకు రంగుగా. బ్రిటిష్ ఫార్మకోపియాలోని లావెండర్ కాంపౌండ్ టింక్చరుకు ఎరుపు వచ్చింది ఈ చెక్క వల్లే. స్కాండినేవియాలో చేపలు ఊరబెట్టేటప్పుడు మసాలాతోపాటు ఈ పొడి కలిపే అలవాటు నిలిచిపోయింది.

రంగు ఏమిటన్న ప్రశ్న ఫ్రాన్సులో ముందుగా వచ్చింది. తరవాత 1820లో కవెంటూతో కలిసి క్వినైన్‌ను వేరుచేసిన పెల్లెటియే, ఆ శతాబ్దపు తొలి దశకాల్లో ఎర్రచందనం రంగునూ పరీక్షించాడు. ఈ ఎర్ర పదార్థాన్ని శాంటలిన్ అంటారు. అది నీళ్లలో దాదాపు కరగదు, ఆల్కహాలులో వెంటనే కరిగి ఎర్రబారుతుంది. చెక్క గ్లాసులో నీళ్లు పోసి రాత్రంతా ఉంచి తాగితే మేలని అమ్మే వస్తువుల గురించి ఆలోచించేటప్పుడు ఈ చిన్న లక్షణాన్ని మరవకూడదు. ఆ పద్ధతి నిజానికి దీని దాయాది వేగిస చెట్టుది. వేగిస చేవ నీళ్లలోకి సారాన్ని వదులుతుంది, ఆ నీటిలో వెలుతురు పడితే నీలిఛాయ కనిపిస్తుంది. ఎర్రచందనం గ్లాసు నుంచి నీళ్లలోకి దిగేది చాలా తక్కువ.

1940 నుంచి శాంటలిన్ నిర్మాణం దాకా

ఎర్రచందనం రసాయన చరిత్రలో 1940 మరవరాని సంవత్సరం. ఇంగ్లండులో అలెగ్జాండర్ రాబర్ట్‌సన్ బృందం, నీళ్లలో రంగు దిగని ఎర్ర కలపల మీద పరిశోధన వరస మొదలుపెట్టి, మొదటి వ్యాసంలోనే టెరోకార్పిన్, హోమోటెరోకార్పిన్ అనే రెండు పదార్థాలను తీసుకుంది. మొక్కలు బూజు దాడి నుంచి తమను కాపాడుకోవడానికి తయారుచేసుకునే ఒక పెద్ద పదార్థ కుటుంబం ఈరోజు టెరోకార్పాన్లు అనే పేరుతో నడుస్తోంది. పాఠ్యపుస్తకాల్లో ఆ మాట చదివే ఫార్మసీ విద్యార్థికి అది రాయలసీమ, నెల్లూరు కొండల చెట్టు నుంచి వచ్చిందని చెప్పేవారు తక్కువ.

అదే ఏడాది ష్పేత్, ష్లేగర్ అనే పరిశోధకులు ఈ చేవ నుంచే టెరోస్టిల్బీన్‌ను వేరుచేశారు. ద్రాక్షలో ఉండే రెస్వెరట్రాల్‌కు ఇది దగ్గరి బంధువు. రెస్వెరట్రాల్‌లోని రెండు హైడ్రాక్సిల్ గుంపుల స్థానంలో ఇక్కడ మిథాక్సీ గుంపులు ఉంటాయి. ఈ చిన్న మార్పు వల్ల అణువు కొవ్వులో ఎక్కువ కరుగుతుంది, పేగుల నుంచి రక్తంలోకి తేలికగా చేరుతుంది, శరీరంలో అంత త్వరగా విరిగిపోదు. అప్పట్లో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

మన దేశంలో ఈ పనిని భుజానికెత్తుకున్నవారు తిరువేంకట రాజేంద్ర శేషాద్రి (1900–1975). మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చి, 1930లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాఖను నిర్మించారు. ఔషధ రసాయన శాస్త్ర బోధన అక్కడ వేళ్లూనుకోవడంలో ఆయన పాత్ర పెద్దది. 1949లో ఢిల్లీ వెళ్లాక టెరోకార్పస్, డాల్బెర్జియా కలపల పాలీఫినాళ్లపై ఆయన బృందం చేసిన కృషిని 1972లో ఫైటోకెమిస్ట్రీ పత్రికలో ఆయనే సమీక్షించారు. ఎర్రచందనం మీద ఈనాటికీ ఎవరు వ్యాసం రాసినా ఆ సమీక్షను దాటి పోలేరు.

శాంటలిన్ నిర్మాణం మాత్రం చాలాకాలం మొండికేసింది. అది ఒకే పదార్థం కాదు, శాంటలిన్ ఏ, బీ అని దగ్గరి పోలికలున్న పదార్థాలు. ఇటలీకి చెందిన ఆర్నోనే, మెర్లీనీ తదితరులు 1975లో వాటి నిర్మాణాలను నిర్ధారించారు. జర్మనీలో డిర్క్ ట్రౌనర్ బృందం 2013లో వాటిని ప్రయోగశాలలో కూర్చి చూపింది. చెట్టు తనలో తాను అనుసరించే దారిని పోలిన దారిలోనే ఆ కూర్పు సాగింది. చెట్టు నరకకుండానే ఆ ఎరుపును తయారుచేయవచ్చని దాంతో రుజువైంది. అయితే అది కర్మాగారంలో గిట్టుబాటయ్యే పద్ధతి కాదు.

తిరుపతి ప్రయోగాలు

ఔషధగుణాల పరిశోధనకు కేంద్రం తిరుపతి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం శేషాచలం పాదాల దగ్గరే ఉంది కాబట్టి ఇది సహజమే. 2000 ప్రాంతంలో అక్కడి రసాయన శాస్త్రవేత్తలు ఈ చేవ నుంచి కొత్త ఐసోఫ్లేవోన్ ఒకటి వేరుచేశారు. 2001లో జీవరసాయన శాఖకు చెందిన కామేశ్వరరావు, అప్పారావు తదితరులు బెరడు మీద చేసిన ప్రయోగాలను జర్నల్ ఆఫ్ ఎత్నోఫార్మకాలజీ ప్రచురించింది. స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో ఎలుకలకు మధుమేహం కలిగించి, బెరడును నీళ్లు, ఆల్కహాలు, హెక్సేన్‌లతో విడివిడిగా తీసిన సారాలు ఇచ్చి చూశారు. శరీర బరువులో కిలోకు 0.25 గ్రాముల చొప్పున ఇచ్చిన ఆల్కహాలు సారం రక్తంలో చక్కెరను అన్నిటికంటే బాగా తగ్గించింది. అదే మోతాదు ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్లో చక్కెరను పడగొట్టలేదు. పోలిక కోసం వాడిన గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర కంటే సారమే మెరుగ్గా పనిచేసిందని వారు రాశారు. 2010లో వచ్చిన మరో అధ్యయనం రక్తంలోని కొవ్వులు, ఇన్సులిన్, కాలేయ ఎంజైముల మీద కూడా అనుకూల ప్రభావాన్ని చూపింది.

ఈ ఫలితాలు నిజమైనవి, విలువైనవి. అయితే ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి శరీర ఉపరితలం లెక్కన 6.2తో భాగించడం ఫార్మకాలజీలో వాడుక. ఆ లెక్కన 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 2.4 గ్రాముల సారం కావాలి. గుర్తుంచుకోవాల్సిందేమంటే ఇది సారం బరువు, బెరడు బరువు కాదు. మధుమేహం జీవితాంతం ఉండే జబ్బు. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది. మందు పనిచేస్తుందని తేలిన మర్నాడు ఉదయగిరి, ఆత్మకూరు కొండల్లో ఒక్క చెట్టు మీదైనా తోలు మిగులుతుందా అన్న ప్రశ్నను ఫార్మసీ పరిశోధన పక్కన పెట్టలేదు.

చేవ మీద ముఖ్యమైన పని గాయాలకు సంబంధించినది. కోల్‌కతా పరిశోధకులు 2004లో చేవతో చేసిన లేపనాన్ని ఎలుకల కోతగాయాలకు, కాలిన గాయాలకు రాసి త్వరగా మానుతున్నట్టు గమనించారు. సానరాయి మీద అరగదీసి పట్టు వేసే పల్లె అలవాటుకు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన శాస్త్రీయ పరీక్ష ఇదే. జీర్ణాశయపు పుండ్లు, కాలేయ రక్షణ, సూక్ష్మజీవుల నిరోధం మీద కూడా జంతువుల్లో, గాజు గిన్నెల్లో చేసిన పరీక్షలు చాలా ఉన్నాయి.

వేగిస ఒక అడుగు ముందుకు వేసింది. 1998లో భారత వైద్య పరిశోధన మండలి ప్రచురించిన బహుకేంద్ర పరీక్షలో, కొత్తగా మధుమేహం బయటపడిన 97 మందిలో 67 మందికి 12 వారాల్లో చక్కెర అదుపులోకి వచ్చింది. పోలికకు ఉత్తిమాత్ర వాడని పరీక్ష అది, ఆ లోటు ఉంది. అయినా మనుషుల మీద, ప్రభుత్వ సంస్థ పర్యవేక్షణలో జరిగింది. ఎర్రచందనానికి ఆ స్థాయి పరీక్ష దక్కలేదు. ఈ చెట్టు నుంచి ఆధునిక పద్ధతిలో ఆమోదం పొందిన మందు ఇంతవరకు రాలేదు. అణు వికిరణాన్ని పీల్చుకుంటుందన్న ప్రచారానికైతే ఏ ఆధారమూ లేదు.

టెరోస్టిల్బీన్ రెండో జీవితం

2004లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఆగ్నెస్ రిమాండో బృందం బ్లూబెర్రీ పండ్లలో టెరోస్టిల్బీన్‌ను గుర్తించడంతో ఈ పాత అణువుకు మళ్లీ గిరాకీ వచ్చింది. ఇప్పుడు అమ్ముడయ్యే టెరోస్టిల్బీన్ మాత్రల్లో ఉండేది రసాయన కర్మాగారంలో కూర్చిన పదార్థం. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో డేనియల్ రిష్ తదితరులు కొలెస్టరాల్ ఎక్కువున్న 80 మంది మీద, ఉత్తిమాత్రతో పోల్చి, దీన్ని పరీక్షించారు. 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వాడినవారిలో రక్తపోటు తగ్గింది. కానీ చెడ్డ కొలెస్టరాల్ పెరిగింది. ఎలుకల్లో కొవ్వు తగ్గుతుందన్న ఆశకు మనుషుల్లో వచ్చిన జవాబు ఇది. జంతు ఫలితాలతోనే మందు పేరు ప్రకటించేవారు ఒకసారి ఆగి చదవాల్సిన అధ్యయనం.

నకిలీ, చట్టం, ఆకు

బజారులో రక్తచందనం పేరుతో అమ్మే పొడిలో బండిగురివింద చెక్క కలపడం పాత మోసం. ఆల్కహాలులో రంగు, సూక్ష్మదర్శిని కింద కణజాలం, పలుచపొర క్రొమటోగ్రఫీ, ఇటీవల డీఎన్‌ఏ బార్‌కోడింగ్ దీన్ని పట్టిస్తాయి. పరీక్షించిన చెక్క ఏదో ముందు రుజువు చేయని ఔషధ పరిశోధనకు విలువ లేదు.

1995లో ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలోకి చేరింది. దుంగలే కాదు, పొడి, సారం కూడా ఆ నియంత్రణలో ఉన్నాయి. ప్రయోగశాలకు సరిహద్దు దాటించాలన్నా అనుమతి తప్పదు. చైనాలో సామాన్లకు, జపానులో వాద్యాలకు ఉన్న గిరాకీ అడవిని కొల్లగొట్టింది తప్ప మందుల పరిశ్రమ కాదు. 2019లో పట్టా భూముల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి కేంద్రం వీలు కల్పించింది. 2023 నవంబరులో సైటిస్ స్థాయీ సంఘం, 2004 నుంచి భారతదేశం మీద ఉన్న ప్రత్యేక సమీక్షను ఎత్తివేసింది.

ఇటీవలి పరిశోధన ఆకుల వైపు మళ్లడం స్వాగతించదగ్గది. ఆకు సారంతో వెండి నానోరేణువులు తయారుచేసి సూక్ష్మజీవుల మీద ప్రయోగించిన పనులు 2013 నుంచి కనిపిస్తున్నాయి. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. తోటలో రైతు పెంచిన లేతచెట్టు చేవలో, అడవిలో ముదిరిన చేవలో ఉన్నంత శాంటలిన్, టెరోస్టిల్బీన్ ఉంటాయా, ఎన్నో ఏడు నుంచి ఉంటాయి అన్నది తిరుపతి, నెల్లూరు, అనంతపురం ఫార్మసీ కళాశాలల విద్యార్థులు చేతిదూరంలో ఉన్న చెట్లతోనే తేల్చగల పని. రైతు ఏ వయసు చెట్టును మందుల తయారీదారుకు అమ్మవచ్చో, మందులో ఎంత మోతాదు ప్రమాణంగా రాయాలో ఆ కొలతల మీదే ఆధారపడి ఉంది.