నల్లద్దం నుంచి నారింజ అద్దం దాకా

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు రంగాపూర్ వేధశాలలో పరికరాలు బిగించుకుంటే, జనం మసి పట్టిన గాజుపెంకులూ పాత ఎక్స్‌రే ఫిల్ములూ వెతుక్కున్నారు. రెండూ నమ్మదగ్గవి కావు, అది వేరే సంగతి. విజయవాడ–జగదల్‌పూర్ రోడ్డు మీదున్న తిరువూరు లాంటి ఊళ్లలో గేట్లు అతికే వెల్డింగ్ షెడ్లదీ నల్లద్దం నమ్మకమే: ఎంత నలుపైతే అంత క్షేమం. ఆ లెక్క లేజర్ దగ్గర పనిచేయదు; అక్కడ చూడాల్సింది అద్దం ఏ రంగు కాంతిని ఆపుతుందన్నది.

కాంతిని రంగుల వారీగా ఆపాలన్న ఆలోచన మాత్రం లేజర్ కంటే పాతదే. కొలిమి ముందు నిలబడే గాజు కార్మికులకు శుక్లాలు వస్తుంటే, ఇంగ్లండులో విలియం క్రూక్స్ 300కు పైగా గాజు మిశ్రమాలు కరిగించి చూసి, 1913లో ఫలితాలు చెప్పాడు. ఆయన వెతికింది నలుపు కోసం కాదు. వేడిమి కిరణాలనూ అతినీలలోహితాన్నీ మింగేస్తూ, పని కనబడేంత వెలుతురు వదిలే గాజు కావాలి.

మన దగ్గర ఇదే సూత్రం ఇంకో పనికి ఉపయోగపడింది. 1928లో కలకత్తాలో సి.వి. రామన్ ఎండకు ఊదారంగు ఫిల్టర్ అడ్డుపెట్టి, ఆ కాంతిని ద్రవంలోకి పంపాడు. ద్రవానికీ కంటికీ నడుమ ఊదాను పూర్తిగా ఆపే పసుపు–ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టాడు. ఏమీ కనబడకూడదు. కానీ కనబడింది, రంగు మారిన కాంతి! లేజర్ కళ్లజోడు చేసే పని ఆ రెండో ఫిల్టర్‌దే.

1960 మే 16న థియోడర్ మైమన్ అమెరికాలో కెంపు రాయితో తొలి లేజర్ వెలిగించాడు. దాని తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు, ముదురు ఎరుపు. దానికి నీలి–ఆకుపచ్చ గాజు సరిపోయేది. ఇప్పుడు చెక్క మీద పేర్లు చెక్కే చిన్న యంత్రాల్లో ఉండేది 450 నానోమీటర్ల నీలి కాంతి. దానికి నారింజ అద్దం కావాలి. ఒకదాని జోడు ఇంకొకదానికి పెట్టుకుంటే పెట్టుకోనట్టే. పైగా కంటి కటకం ఆ సన్నటి కిరణాన్ని రెటీనా మీద సుమారు లక్ష రెట్లు గాఢం చేస్తుంది.

ఎంత ఆపుతుందో చెప్పేది ఓడీ అనే అంకె. ఓడీ 1 అంటే పదో వంతు దాటుతుంది, 2 అంటే నూరో వంతు, 6 అంటే పది లక్షల్లో ఒక వంతు. 5 వాట్ల నీలి లేజర్ ముందు ఓడీ 4 అద్దం పెడితే లోపలికి వచ్చేది అర మిల్లీవాట్. ఓడీ 3 అయితే 5 మిల్లీవాట్లు, అది ఎక్కువ. కిరణం నేరుగా తగిలితే అద్దం కరగకుండా ఎంతసేపు నిలుస్తుందన్నది మరో పరీక్ష. యూరప్ ప్రమాణం ఈఎన్ 207 అదీ చూస్తుంది. కొనేవాడు ముందుగా చూడాల్సింది అద్దం మీదో ఫ్రేము మీదో చెక్కిన ఈ అంకెలు, తరంగదైర్ఘ్యాలు. అవేమీ లేని జోడు ఎంత చవకైనా దండగే.

అంకెలు ఉన్నా మోసం జరగొచ్చు, ఈసారి లేజర్ వైపు నుంచి. పచ్చ పాయింటర్ లోపల 808 నానోమీటర్ల పరారుణ కాంతి మొదట 1064గా, తర్వాత 532 నానోమీటర్ల పచ్చగా మారుతుంది. పరారుణాన్ని ఆపే చిన్న ఫిల్టర్‌ను ఖర్చు తగ్గించడానికి తీసేసే తయారీదార్లున్నారు. 10 మిల్లీవాట్లదని అమ్మిన ఒక పాయింటర్ మసక పచ్చతో పాటు దాదాపు 20 మిల్లీవాట్ల పరారుణం వెదజల్లుతోందని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ పరిశోధకులు 2010లో బయటపెట్టారు. ఆ కిరణం కంటికి కనబడదు, రెప్ప వాలదు. పచ్చను ఆపే నారింజ అద్దం దాన్ని దర్జాగా లోపలికి వదిలేయొచ్చు. పట్టుకోవడానికి వాళ్లు వాడినవి పాత సీడీ, పరారుణ ఫిల్టర్ తీసేసిన వెబ్‌క్యామ్: సీడీ రంగులను విడదీస్తుంది, కంటికి చిక్కని చుక్కలు తెర మీద తేలతాయి.

యాక్రిలిక్ షీట్లు కోసే కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఇంకో తరహా. దాని కాంతి 10,600 నానోమీటర్లది. రంగులేని పారదర్శక పాలికార్బనేట్ దాన్ని మింగేస్తుంది. అదే జోడు పెట్టుకుని పక్కనున్న నీలి డయోడ్ యంత్రం ముందు కూర్చుంటే, కాంతి దాదాపు మొత్తం కంట్లోకే.