కళ్లద్దాల శుభ్రత

కళ్లద్దాల కటకాలకు, ఫ్రేములకు పట్టిన దుమ్ము, జిడ్డు, చెమట, సూక్ష్మజీవులను వాటికి హాని జరగకుండా తొలగించడాన్ని కళ్లద్దాల శుభ్రత అంటారు. ధారగా పడే నీళ్లు, ఒక చుక్క సబ్బు ద్రవం, ఉతికిన మెత్తటి గుడ్డ ఉంటే ఇల్లు దాటనక్కర్లేదు. పని చిన్నదే కానీ, అద్దాల మీద కనిపించే గీతల్లో చాలావాటికి పుట్టిల్లు తుడవడమే.

కటకం మీద ఏముంటుంది

పూర్వం కటకాలన్నీ గాజువే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో తయారైన సీఆర్-39 అనే ప్లాస్టిక్, ఆ తర్వాత వచ్చిన పాలికార్బొనేట్ గాజు స్థానాన్ని దాదాపుగా ఆక్రమించాయి. ప్లాస్టిక్ గాజులో సగం బరువే, కిందపడితే అంత తేలిగ్గా పగలదు. కాకపోతే మెత్తన, ఇట్టే గీతలు పడుతుంది. అందుకే దానిమీద కొన్ని మైక్రాన్ల మందంలో గట్టి పూత వేస్తారు. ఆపైన వెలుతురు ప్రతిఫలించకుండా లోహ ఆక్సైడ్ల పొరలు ఉంటాయి. ఈ పూతకు మూలమైన పద్ధతిని 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టాడు. అన్నిటికన్నా పైన నీటిని, నూనెను అంటనివ్వని పొర, అది మైక్రాన్‌లో అతి చిన్న వంతు. ఈ రోజుల్లో కటకం తుడవడమంటే ఈ పొరలను తుడవడమే. ఏది మంచిది, ఏది చెడ్డది అన్నది వీటిని బట్టే తేలుతుంది.

కోటింగ్ ఉన్న అద్దాలు తొందరగా మురికి పడతాయని కొందరి ఫిర్యాదు. మామూలు గాజు ఒక్కో వైపు 4 శాతం వెలుతురును తిప్పికొడుతుంది. ఆ మెరుపులో వేలిముద్ర కలిసిపోతుంది. కోటింగ్ ఆ మెరుపును తీసేస్తుంది కనుక అదే వేలిముద్ర కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మురికి మాత్రం రెండిటికీ సమానమే.

కడిగే పద్ధతి

మొదట నీళ్లు, ఆ తర్వాతే గుడ్డ. ఈ వరస తప్పితే మిగతాదంతా వృథా. దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7, గాజుది సుమారు 5.5, ప్లాస్టిక్‌ది ఇంకా తక్కువ. పైటచెంగుతోనో, కండువాతోనో, చొక్కా అంచుతోనో పొడిగా తుడిస్తే గుడ్డకూ కటకానికీ మధ్య ఇరుక్కున్న ఆ రేణువు గీత గీస్తుంది. నోటితో ఆవిరి ఊది తుడవడమూ ఇంతే, ఆ కాస్త తేమకు ఇసుక కొట్టుకుపోదు.

చల్లటి లేదా గోరువెచ్చటి నీటి ధార కింద రెండు వైపులా తడిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేళ్లకు రాసుకుని, కటకాలను, ముక్కు దగ్గరి ప్యాడ్‌లను, చెవుల వెనక ఉండే కాడలను మెల్లగా రుద్ది కడగాలి. గిన్నెలు తోమే సబ్బు బిళ్ల, పౌడరు పనికిరావు. వాటిలో రాపిడి పొడి ఉంటుంది. చర్మాన్ని మెత్తబరిచే పదార్థాలు కలిపిన చేతి సబ్బులు కటకం మీద మసక పొర వదులుతాయి. తుడుస్తున్న కటకం వైపే ఫ్రేమును పట్టుకోవాలి. అవతలి కాడ పట్టుకుని తుడిస్తే మధ్యలో ముక్కు వంతెన వంగిపోతుంది.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఆ నీళ్లు వాటంతటవే ఆరితే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి చుక్కలుగా మిగులుతాయి. కడగగానే తుడిచేయాలి, లేదా చివరిసారి ఫిల్టరు నీళ్లతో కడగాలి. తుడవడానికి పాలియెస్టర్, పాలీఅమైడ్ పోగులతో నేసిన మైక్రోఫైబర్ గుడ్డ మేలు. కానీ అద్దాల పెట్టెలో నెలల తరబడి దుమ్ము పట్టిన గుడ్డ కంటే ఉతికిన పాత నూలు గుడ్డే నయం. మైక్రోఫైబర్ గుడ్డను ఉతికేటప్పుడు బట్టలు మెత్తబరిచే ద్రవం కలపకూడదు.

ఫ్రేము

అసలు మురికి ఉండేది ఇక్కడే. ప్యాడ్‌ల కింద, కీలు సందుల్లో చెమట, పౌడరు, తలకు రాసుకున్న కొబ్బరి నూనె పేరుకుంటాయి. రాగి కలిసిన లోహపు ఫ్రేములకు చెమట వల్ల ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఇది బూజు కాదు, రాగి లవణం. మెత్తటి టూత్‌బ్రష్‌కు సబ్బు నీళ్లు అద్ది ఫ్రేమును మాత్రమే రుద్దాలి, బ్రష్ కటకాన్ని తాకకూడదు. పచ్చబడిన ప్యాడ్‌లను కళ్లద్దాల షాపులో తక్కువ ఖర్చుతో మారుస్తారు. అక్కడి అల్ట్రాసోనిక్ యంత్రం నీటిలో చిన్న చిన్న బుడగలు పుట్టించి సందుల్లోని మురికిని లాగేస్తుంది. పూత చిట్లిన కటకాలను అందులో వేయకపోవడం మంచిది.

క్రిమిసంహారం

ఆరోగ్యంగా ఉన్న మనిషి సొంత అద్దాలకు సబ్బు, నీళ్లు చాలు. కరోనా, ఫ్లూ వైరస్‌ల పైన ఉండే కొవ్వు పొరను సబ్బు చీల్చేస్తుంది. కండ్లకలక తెచ్చే అడినోవైరస్‌లకు ఆ పొర ఉండదు. సబ్బు వాటిని చంపలేకపోయినా నీటితో పాటు కొట్టుకుపోయేలా చేస్తుంది. 2023 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కండ్లకలక విపరీతంగా వ్యాపించింది. అలాంటప్పుడు రోజూ అద్దాలు కడుక్కోవడం, ఇంట్లో ఒకరి అద్దాలు ఒకరు పెట్టుకోకపోవడం ఏ మందు ద్రావణం కన్నా ముఖ్యం.

ఆసుపత్రి సిబ్బందికి, ఒకే ఫ్రేమును పదిమంది పెట్టి చూసే చోట ఇంతకుమించి అవసరం. కళ్లద్దాల కోసమే తయారైన ఆల్కహాల్ వైప్స్ చాలా కోటింగ్‌లకు హాని చేయవు. అయితే అసిటేట్ ఫ్రేములు ఆల్కహాల్ పదేపదే తగిలితే తెల్లబారి కళ తప్పుతాయి. చేతుల శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది కనుక జిడ్డు మిగులుతుంది. బ్లీచింగ్, కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రేలు దగ్గరికి రానీయకూడదు. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ మరీ ప్రమాదం. పాలికార్బొనేట్ కటకాన్నీ, అసిటేట్ ఫ్రేమునూ అది కరిగిస్తుంది. కటకం మీద పల్చటి సబ్బు పొర ఉంచి ఆరబెడితే మాస్కు వేసుకున్నప్పుడు ఆవిరి పట్టడం తగ్గుతుంది. శస్త్రచికిత్సలు చేసే డాక్టర్లలో ఈ చిట్కా వాడేవారున్నారు.

వేడి, గీతలు

మరిగే నీళ్లలో వేయడం శుభ్రత కాదు, నష్టం. వేడికి ప్లాస్టిక్ బాగా వ్యాకోచిస్తుంది, పైనున్న ఆక్సైడ్ పూత అంతగా సాగలేక సన్నటి బీటలు వారుతుంది. ఎండాకాలంలో ఆపి ఉంచిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన అద్దాలకూ ఇదే గతి. గీతలు పోతాయని టూత్‌పేస్టు రుద్దేవాళ్లు ఉన్నారు. దానిలోని రాపిడి పదార్థం గీత చుట్టూ ఉన్న పూతను కూడా అరగదీస్తుంది. గీతలు పడిన, పూత బీటలిచ్చిన కటకాన్ని ఇంట్లో బాగుచేసే మార్గం లేదు, మార్పించుకోవలసిందే.