మల్కాపుర శిలాశాసనము: ధర్మవినియోగ నిర్ణయము

ఆంధ్రదేశమునందలి పూర్వరాజుల దానశాసనములలోను, కవుల కృత్యవతారికలలోను సప్తసంతానముల ప్రశంస తఱచుగాఁ గానవచ్చును. పుత్రుఁడు, కృతి, తటాకము, వనము, దేవాలయము, అగ్రహారము, నిధి యనునవి యా యేడును. వీనియందుఁ దటాకమువలని ఫలము కాఁపునకును, పశువునకును, పక్షికిని సమానముగా లభించును. వనమునీడ బాటసారి కులగోత్రముల నడుగదు. అయినను రోగి శయనించుట కొక శాలగాని, ప్రసవించు స్త్రీ కొక శాలగాని యీ యేడింటిలోఁ బేర్కొనఁబడలేదు. ధర్మశాస్త్రములు వీని నెఱుఁగవని చెప్పుటకు వీలులేదు. ఆరోగ్యశాలను గట్టించి, యోషధులను సమకూర్చి, పండితుఁడగు వైద్యుని నిలిపినవానికిఁ గలుగు పుణ్యమును నందిపురాణము విస్తరించి చెప్పినది. దేవగిరి యాదవరాజుల మంత్రియగు హేమాద్రి చతుర్వర్గచింతామణియందలి దానఖండమున నా భాగము నుదాహరించెను. హేమాద్రి కాలముననే కృష్ణాతీరమున నొక శైవాచార్యుఁ డిట్టి ధర్మమును రాతిపైఁ జెక్కించి యాచరణమునఁ బెట్టెను. ఆ శాసనమే మల్కాపుర శాసనము.

గుంటూరు మండలమున మందడమునకుఁ జేరువనున్న మల్కాపురమునందలి యీ శిలాస్తంభశాసనమును జయంతి రామయ్యపంతులుగారు ఆంధ్రేతిహాస పరిశోధకమండలి పత్రికయందుఁ బ్రకటించి పండితలోకమునకుఁ దెలియఁజేసిరి. శాసనకాలము శకవర్షము 1183 దుర్మతి, అనఁగా క్రీ.శ. 1261. కాకతీయ గణపతిదేవుఁడు వెలనాటి కండ్రవాటియందు కృష్ణవేణికి దక్షిణతీరమునఁ గల మందరగ్రామమును దన దీక్షాగురువగు విశ్వేశ్వరశివాచార్యున కిచ్చెదనని వాగ్దానముచేసి యుండెను. ఆయన కూఁతురును, రుద్రదేవమహారాజను పురుషనామముతో శాసనములకెక్కినదియు నగు రుద్రమదేవి యా మాటను జెల్లించి, మందరముతోఁ గూడ వెలంగపూఁడిని, నదిలోని లంకలను ధారవోసెను. మందరము నేఁటి మందడము. వెలంగపూఁడి నేఁటి వెలగపూడి.

రుద్రమదేవి ప్రసూతిశాలను స్థాపించె ననియు, స్త్రీయగుటచే స్త్రీల బాధ నెఱిఁగి యట్లు చేసె ననియు లోకమున నొక వాడుక కలదు. వినుట కింపుగానుండు మాటయే కాని శాసనమున దీనికి ఆధారము చాలదు. భూమి నిచ్చినది రాణి. మాట యిచ్చినవాఁడు తండ్రి. ఆ భూమివలన వచ్చు రాఁబడిని దేని కెంత వెచ్చింపవలెనో, యెవ్వ రేపని చేయవలెనో, తప్పుచేసినవానిని తొలఁగించు నధికార మెవ్వరిదో నిర్ణయించినవాఁడు విశ్వేశ్వరశివాచార్యుఁడు. రాజు దాత, ధర్మకర్త యాచార్యుఁడు. ఈ భేదమును మఱచినచో శాసనమునందలి విశేషమే మఱుగున పడును. భూదానము చేసిన రాజులు కాకతీయులలోనే కాదు, వారి సామంతులలోను బెక్కండ్రు కలరు. పరిగ్రహించిన భూమిని దనకును దన వంశమునకును నుంచుకొనక, భాగములుచేసి పరులపాలు చేసిన ప్రతిగ్రహీతలు మిక్కిలి యరుదు.

ఈ యాచార్యుని కిట్టి బుద్ధి గురుపరంపరవలనఁ గలిగినదని తలంపవచ్చును. ఆయన గౌడదేశమున దక్షిణరాఢయందలి పూర్వగ్రామమువాఁడు. గోళకీమఠ సంప్రదాయమునకుఁ జెందినవాఁడు. భాగీరథీనర్మదల నడుమనున్న డాహల మండలమున సద్భావశంభువను శైవముని కలచురి యువరాజదేవుఁడు మూఁడులక్షల గ్రామముల రాజ్యమును భిక్షగా నొసఁగెననియు, నాతఁడు గోళకీమఠమును స్థాపించి యా భిక్షనంతయు మఠమునకే వృత్తిగాఁ జేసెననియు శాసనము చెప్పుచున్నది. మూఁడులక్షల గ్రామములను మాట నక్షరార్థముగాఁ గైకొన నక్కఱలేదు; దేశవిభాగములకు నిట్టి పెద్దసంఖ్యలఁ జేర్చి చెప్పుట నాఁటి పరిపాటి. కాని భిక్షగా వచ్చినది భిక్షువుది కాదను నియమము మాత్ర మిందు స్పష్టముగా నున్నది. సోమశంభుపద్ధతి రచించిన సోమశంభువు నీ పరంపరలోనివాఁడే. తుదకు విశ్వేశ్వరుఁడు తెలుఁగుదేశమున కరుదెంచి, గణపతిదేవునికి దీక్షయిచ్చి, కాళేశ్వరము మొదలగు తావులఁ బ్రతిష్ఠలు చేసెను. వాని యన్నింటను మందరమున నేర్పఱచిన విశ్వేశ్వరగోళకి యను నగ్రహారమే వివరముగాఁ దెలియవచ్చునది.

రాఁబడి విభాగమును జూతము. గ్రామముల యాదాయమును మూఁడు సమభాగములు చేసిరి. మొదటిది దేవునికి. రెండవది విద్యార్థుల భోజనమునకును శుద్ధశైవమఠమునకును. మూఁడవది ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, విప్రసత్రమునకును. ఒక శివాచార్యుఁడు శివుని వంతును మూఁటిలో నొకటిగా మాత్రమే నిలిపి, రోగులును గర్భిణులునుగల భాగమును దానితో సరితూఁచుట గమనింపఁదగినది. ఇతర శాసనములలో దేవుని యంగరంగభోగములకే యిచ్చిన భూమిలో మిగిలినదానితో సత్రము నడుపుట కలదు. అచట దేవుని వ్యయము పెరిగిన యేఁడు సత్రమున పొయ్యి చల్లారును. ఇచట నట్లు కాదు. రోగిభాగము దేవుని భాగమునుండి కాక మొదటి రాఁబడినుండియే వేఱుపడినది. ఒకరి భాగమును మఱియొకరు తినుటకు వీలులేని యీ పద్ధతియే శాసనమునకంతకును జీవము.

ప్రసూతిశాల యను పదము ప్రత్యేకముగాఁ జెప్పఁబడుటయు విశేషమే. ఆరోగ్యశాలలోనే ప్రసవములు జరుగునని యూరకుండ వచ్చును గదా. వేఱుగాఁ బేర్కొనుటవలన నది వేఱు గృహమో, కాకున్న వేఱు వ్యవస్థయో యని తలంపవలసియున్నది. పురుటిమైలను బాటించు నింట నింతి ప్రసవించుటకుఁ గల యిబ్బంది తెలుఁగుదేశమునఁ దెలియనివారు లేరు. దిక్కులేని స్త్రీకిని, ఊరుగాని యూరఁ బొద్దులు నిండిన స్త్రీకిని బరుల పంచ దొరకుట దుర్లభము. పెక్కు తావులనుండి జనము వచ్చిపోవు నగ్రహారమున నిట్టి శాల యవసరమని యాచార్యునకుఁ దోఁచియుండును.

వైద్యశాల లోపలి పద్ధతిని దెలిసికొనుటకు ద్రావిడదేశమునందలి తిరుముక్కూడల్ శాసనము తోడ్పడును. అది చోళరాజగు వీరరాజేంద్రుని యాఱవ పాలనవర్షమునందలిది. మల్కాపుర శాసనమునకు సుమారు రెండువందల యేండ్లు పూర్వపుది. అచటి వీరచోళ వైద్యశాలలోఁ బదునైదు మంచములు గలవు. ఒక వైద్యుఁడు, ఒక శస్త్రవైద్యుఁడు, మందుమూలికలును వంటచెఱకును దెచ్చువారిద్దఱు, రోగుల సేవకై స్త్రీలిద్దఱు, ఒక మంగలి; వీరందఱకును వేఱువేఱుగా జీతము ధాన్యరూపమునను గాసులరూపమునను నిర్ణయింపఁబడినది. ఏఁటికి నిలువయుంచవలసిన మందుల జాబితాయుఁ గలదు. మల్కాపురమున మంచముల లెక్కగాని, మందుల పట్టికగాని యీ విధముగా లేదు. ఆ శాసనము లెక్కలవ్రాఁతరి దృష్టితో వ్రాయఁబడినది. ఇది వినియోగమును విధించు ధర్మకర్త దృష్టితో వ్రాయఁబడినది. రెండును గలిపి చదివినఁగాని నాఁటి వైద్యధర్మము పూర్ణముగాఁ దెలియదు.

విద్యామంటపమునందు ఋగ్యజుస్సామవేదములఁ జెప్పుటకు మువ్వురును, పదవాక్యప్రమాణసాహిత్యాగమములను వ్యాఖ్యానించుట కేవురును నియుక్తులైరి. పదము వ్యాకరణము, వాక్యము మీమాంస, ప్రమాణము తర్కము. ఈ యెనమండ్ర కనంతరము నొక వైద్యుఁడును, నొక కాయస్థుఁడును జెప్పఁబడిరి. అధ్యాపకుల సరసనే వైద్యుఁడు లెక్కకు వచ్చుటయు, లెక్కలు వ్రాయువాఁడు వృత్తిపొందినవారిలోఁ బేర్కొనఁబడుటయు మంచి సూచనలు. కాయస్థుఁడు లేని ధర్మసంస్థ యెన్నాళ్లు నడచునో యెల్లర కెఱుకయే. వీరుగాక నర్తకులు, గాయనులు, మర్దలవాదకులు దేవసేవకును, గ్రామరక్షణకు వీరభద్రులను పేరఁ గావలివారును, కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి మొదలగు వృత్తులవారును గ్రామమున నిలుపఁబడిరి. ఒక మఠము చుట్టును సంపూర్ణమగు నూరే యేర్పడినది.

అన్నదానమును గూర్చి రెండు మాటలు శాసనమునఁ గలవు. మూఁడవ భాగమునఁ జెప్పఁబడినది విప్రసత్రము. వేఱొకచోట బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు వచ్చినవారి కెల్లరకును ఎల్లవేళల నన్నము పెట్టవలెనని విధి కలదు. ఈ రెండింటికిని విరోధము లేదు. విప్రసత్రము పంక్తిభోజనమునకు, రెండవది యాఁకలి తీర్చుటకు. అయినను వేదాధ్యయనమునకుఁ జండాలుని రానిచ్చిరని యెవ్వరు నిందువలన ననుమానింపరాదు. అన్నమునకు ద్వారము తెఱచిన యాచార్యుఁడు విద్యకు నట్లు తెఱవలేదు. కాలధర్మమున కాతఁడు లోఁబడినవాఁడే. ఆ మాటను మఱుగుపఱచి యాతనిని నేఁటి సంస్కర్తలలోఁ జేర్చుట చరిత్రకు మేలు చేయుట కాదు. ఆఁకలియెడఁ గులము నడుగవలదని 1261లోఁ జెక్కించిన మాటను దక్కువగాఁ జూచుటయుఁ దగదు.

ఇఁక నధికారవిషయము. ఈ సంస్థలన్నిటిని బరామర్శించు గోళకీ సంప్రదాయపు టాచార్యునికి నూఱు నిష్కములు వృత్తి. అనఁగా నధిపతియు జీతమువాఁడే. రాఁబడి కాతఁడు స్వామి కాఁడు. అంతకంటె ముఖ్యమగు నియమ మొకటి కలదు. ఆచార్యుఁడు ధర్మము దప్పి ప్రవర్తించినచో నాతనిని దొలఁగించి వేఱొకనిని నిలుపు నధికారము శైవసంతానమువారిది. దానశాసనముల తుదిని ధర్మమును జెఱచినవాఁడు పురుగై పుట్టు ననియు, నఱువదివేలయేండ్లు నరకమున నుండు ననియు శాపశ్లోకములు వ్రాయుట సర్వత్ర కలదు. పరలోకభయమును మాత్రమే నమ్ముకొనక, యీ లోకముననే యధికారిని దిగఁద్రోయు మార్గమును విధించుట విశ్వేశ్వరుని లోకానుభవమును జాటుచున్నది. తన తరువాతివా రందఱును దనవంటివారే యగుదురని యాతఁడు భ్రమపడలేదు.

శాపముగాని, నియమముగాని, రాజ్యము పడిపోవునపుడు దేవబ్రాహ్మణవృత్తులను గాపాడఁజాలినవి కావు. 1323లో నోరుగల్లు పతనమైనది. గోళకీశాల లంతరించినవి, స్తంభము నిలిచినది.

ఆపైఁ దెలుఁగుదేశమున నన్నసత్రములు పెరిగినంతగా నారోగ్యశాలలు పెరిగిన జాడ కానరాదు. సత్రము బాటప్రక్క నెవ్వరైనఁ గట్టవచ్చును. వైద్యశాలకు విద్వాంసుఁడు, మందులు, సేవకులు, నిలుకడగల రాఁబడి కావలెను. వ్యక్తి నాశ్రయించియే సాగిన యన్నదానమునకు లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) జేసినది యుత్తమోదాహరణము. ఆమె యిల్లే సత్రము, ఆమె చేయియే శాసనము. గోదావరి దాఁటి వచ్చిన యే బాటసారియు నాఁకలితో వెడలలేదని యామె ఖ్యాతి. ఇట్టి దానమున హృదయము మిక్కుటము, లెక్క తక్కువ. మల్కాపురమున లెక్క మిక్కుటము. ఏది ఘనమని తూఁచుట వ్యర్థము కాని, మొదటిదాని చరిత్రము జ్ఞాపకములనుండియు, రెండవదాని చరిత్రము వ్రాఁతనుండియు సేకరింపవలసియుండుటను బరిశోధకులు గుర్తింపవలెను.

ఇంగ్లీషు కంపెనీవారి పాలనలో దేవాలయములు, మసీదులు, కళాశాలలు, వంతెనలు, సత్రములు మొదలగువానికై యిచ్చిన మాన్యములు దాతల యుద్దేశమునకు విరుద్ధముగా స్వలాభమునకు వినియోగపడుచున్నవను ఫిర్యాదులు మిక్కుటమయ్యెను. దీనిని సవరించుటకై మద్రాసు ప్రభుత్వమువారు 1817లో నేడవ రెగ్యులేషనును జేసి, రెవెన్యూబోర్డువారికి విచారణాధికారము నొసఁగిరి. 1863లో నిరువదవ యాక్టుచే మతసంస్థల పర్యవేక్షణమునుండి ప్రభుత్వము తొలఁగి, దానిని ధర్మకర్తలకును గమిటీలకును విడిచెను. మరల 1927లో రెండవ యాక్టుచే హిందూధర్మాదాయముల బోర్డు గట్టి యధికారములతో వెలసినది. విశ్వేశ్వరుఁడు జడిసిన దోషమునే యైదువందల యేఁబదియాఱేండ్లకుఁ దరువాతఁ గంపెనీవారు చట్టముయొక్క పీఠికలోఁ బేర్కొనిరి. మందు మాత్రము వేఱు: వారు తప్పును విచారించు భారమును సర్కారు నౌకరులపై నిడిరి, ఈతఁడు సంతానమువారిపై నిడెను.

శివాచార్యుఁడు పొందిన రెండు గ్రామములలో నొకటియగు వెలగపూడియందు 2016లో నాంధ్రప్రదేశ్ ప్రభుత్వ సచివాలయము నెలకొనినది. దాని కనతిదూరముననే మల్కాపురమున నీ శాసనస్తంభము నిలిచియున్నది.