మాటకు త్రోవ చూపు యంత్రము

హైదరాబాదునకు వాయవ్యమున నున్న బాచుపల్లి యొకప్పుడు పల్లెయే. నేడచ్చటి మేడలకు సన్నని గాజుతీగలమీద వెలుగురూపమున వార్తలు వచ్చుచున్నవి. అయితే తీగ యొక్కటియే చాలదు. ఎవరి మాట యెవరికి బోవలెనో త్రోవ చూపు యంత్రము వలయును. దానినే స్విచ్చి యందురు.

పూర్వమీ పని టెలిఫోను కచేరిలో మనుష్యులు చేయుచుండిరి. అమెరికాలో శవసంస్కారవృత్తి నుండిన ఆల్మన్ స్ట్రోజరు స్వయముగా బనిచేయు యంత్రమునకు 1891లో హక్కుపత్రము బడసెను. తన బేరములను బరులకు మళ్లించుచున్నారను ననుమానమే దీనికి మూలమని చెప్పుదురు. అనుమానము కూడ నొక్కొకప్పుడు లోకోపకారియే!

మన చిక్కు వేఱు. విదేశపు ఎలక్ట్రానిక్ యంత్రములకు చల్లని గది కావలెను. మన పల్లెలలో నెండ, దుమ్ము, నిలుకడలేని కరెంటు. 1984లో నేర్పడిన సీ-డాట్ సంస్థవారు శీతలయంత్రము లేకయే పనిచేయు 128 లైనుల చిన్న ఎక్స్ఛేంజిని నిర్మించి, 1986లో కర్ణాటకమందలి కిత్తూరున నెలకొల్పిరి. అది పెద్దది కాదు. మన యెండకు నిలిచినది. నా మతమున నదియే దాని ఘనత.

గాజులోని మలినములే వెలుగును మ్రింగుచున్నవని 1966లో చార్లెస్ కావో చూపెను. 1970లో అమెరికాలోని కార్నింగువారు మిక్కిలి తేటయైన గాజుతీగను దీసిరి. దూరమునకు సింగిల్‌మోడ్ తీగ వలయును. ఒక భవనములోపల మల్టీమోడ్ చాలును.

భారత్‌నెట్ పథకమున గ్రామపంచాయతులకును గాజుతీగ వేయుట జరుగుచున్నది. బాచుపల్లి మేడలలో జల్లని గదులుండవచ్చును, మీ పంచాయతి కచేరిలో నుండకపోవచ్చును. కావున స్విచ్చి కొనునపుడు, ఎన్ని తీగలు పట్టునని యడుగుటకు ముందు, ఎంత వేడి కోర్చుననియు, కరెంటు పోయినపుడు బ్యాటరీ యెంతసేపు నడపుననియు నడుగుడు.