సర్వర్ మార్పును మధ్యలో రద్దు చేస్తే.. మీ దరఖాస్తు భద్రమేనా?

మీరు సూర్యాపేటలోనో, కోదాడలోనో ఫోన్ తీసి ఓ ధ్రువపత్రానికి దరఖాస్తు చేస్తున్నారనుకోండి. ఫీజు కట్టేశారు, రసీదు ఇంకా రాలేదు. సరిగ్గా అదే సమయంలో డేటా సెంటర్‌లో ఆ సేవ నడిచే సర్వర్‌ను మరో యంత్రానికి మారుస్తున్నారు. మార్పు సగంలో ఉండగా దాన్ని రద్దు చేశారు. అప్పుడు మీ దరఖాస్తు ఉన్నట్టా, పోయినట్టా?

అసలు మార్చేది ఏమిటి?

సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా, మిర్యాలగూడ నల్గొండ జిల్లా. కానీ ఆన్‌లైన్ సేవల విషయంలో ఈ తేడా ఉండదు. మీ దరఖాస్తు వెళ్లేది దూరంగా ఉన్న డేటా సెంటర్‌కే. హైదరాబాద్‌లో రాష్ట్ర డేటా సెంటర్‌తో పాటు ఎన్ఐసీ జాతీయ డేటా సెంటర్ కూడా ఉంది. ఇప్పటి డేటా సెంటర్లలో ఒక్కో పెద్ద యంత్రంలో చాలా ‘వర్చువల్ మెషీన్లు’ నడుస్తుంటాయి. అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లు. కింది యంత్రానికి మరమ్మతు అవసరమైతే, సేవ ఆపకుండానే వర్చువల్ మెషీన్‌ను పక్క యంత్రానికి మార్చవచ్చు. దీన్నే లైవ్ మైగ్రేషన్ అంటారు.

అన్ని మార్పులూ ఇలా జరగవు. 2024 డిసెంబరులో డేటాబేస్ అప్‌గ్రేడ్ కోసం ధరణి సేవలను 12వ తేదీ సాయంత్రం నుంచి 16వ తేదీ ఉదయం వరకు నిలిపివేశారు. అది ముందే చెప్పి ఆపడం. లైవ్ మైగ్రేషన్‌లో ఆగే సమయం సాధారణంగా సెకనులో చిన్న భాగమే. 2005లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు నడుస్తున్న ఓ గేమ్ సర్వర్‌ను 60 మిల్లీసెకన్ల విరామంతోనే మార్చి చూపించారు.

ఎలా మారుస్తారు?

మిర్యాలగూడలో రైస్ మిల్లుకు సీజన్‌లో ధాన్యం లారీలు వస్తూనే ఉంటాయి. గుమాస్తా పాత ఖాతా పుస్తకంలో రాస్తూనే ఉంటాడు. ఇంకొకరు దాన్ని కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తుంటారు. ఎక్కించిన పేజీలో మళ్లీ కొత్త లెక్క పడితే, ఆ పేజీని మరోసారి ఎక్కించాలి. కొద్ది పేజీలే మిగిలినప్పుడు ఒక్క నిమిషం రాయడం ఆపి, వాటినీ పూర్తి చేసి, ‘ఇక కొత్త పుస్తకంలోనే రాయి’ అంటారు.

వర్చువల్ మెషీన్‌లోనూ ఇంతే. మెమరీని కూడా పేజీలుగానే విభజిస్తారు, సాధారణంగా ఒక్కోటి 4 కిలోబైట్లు. రద్దీ ఎక్కువై, కాపీ చేసే వేగం కన్నా పేజీలు మారే వేగం పెరిగితే ఈ పని ఎప్పటికీ తెమలదు. నెట్‌వర్క్ నెమ్మదించినా, కొత్త యంత్రంలో లోపం కనిపించినా రద్దు చేయక తప్పదు.

రద్దు ఎప్పుడు సురక్షితం?

బాధ్యత చేతులు మారనంతవరకే. అప్పటిదాకా అసలు పుస్తకం పాతదే. కొత్తదాన్ని చించేసినా ఒక్క లెక్కా పోదు, మీ దరఖాస్తు పాత యంత్రంలోనే ముందుకు సాగుతుంది. కొత్త యంత్రం పని మొదలుపెట్టాక మాత్రం తాజా లెక్కలు అక్కడే ఉంటాయి. అప్పుడు దాన్ని తీసేసి పాతదాన్ని లేపితే, మధ్యలో నమోదైన వివరాలు గల్లంతవుతాయి. ఆ దశలో వెనక్కి రావాలంటే రద్దు కాదు, కొత్త యంత్రం నుంచి పాతదానికి మరో మైగ్రేషన్ చేయాలి.

అంతకన్నా ప్రమాదం రెండూ ఒకేసారి నడవడం. ఇద్దరు గుమాస్తాలు రెండు పుస్తకాల్లో వేర్వేరు లెక్కలు రాస్తే ఏది నిజం? రెండు యంత్రాలూ ఒకే డిస్క్‌పై రాస్తే డేటాయే పాడైపోవచ్చు. అందుకే డిస్క్‌కు తాళం లాంటి ఏర్పాటు ఉంటుంది. ఎప్పుడూ ఒక్కరికే రాసే హక్కు.

సిబ్బంది పాటించాల్సినవి

• ‘క్యాన్సిల్’ నొక్కగానే రద్దు అయిపోయినట్టు కాదు. అది ఒక అభ్యర్థన మాత్రమే. ఆఖరి క్షణంలో నొక్కితే అప్పటికే మార్పు పూర్తయి ఉండవచ్చు. తుది స్థితి చూసి, ఏ యంత్రం నడుస్తోందో తేల్చుకోవాలి.
• ఆ తర్వాతే రెండోవైపు మిగిలిన కాపీని తొలగించాలి.
• డిస్క్‌ను కూడా కాపీ చేస్తుంటే, ఆ పనినీ విడిగా ఆపాలి.
• ‘పోస్ట్ కాపీ’ పద్ధతిలో యంత్రం ముందే కొత్తచోటికి వెళ్తుంది, మెమరీ తర్వాత వస్తుంది. అంటే సగం ఇక్కడ, సగం అక్కడ. ఈ దశ మొదలయ్యాక రద్దు కుదరదు. లింకు తెగితే పునరుద్ధరించి పూర్తి చేయాల్సిందే.

మరి మీరేం చేయాలి?

సర్వర్ లోపల ఏం జరుగుతోందో మీకు కనిపించదు. స్క్రీన్ ఆగిపోతే వెంటనే రెండోసారి డబ్బు కట్టకండి. ముందు బ్యాంకు మెసేజ్ చూడండి. దరఖాస్తు నంబరు వచ్చి ఉంటే మీసేవ పోర్టల్‌లో దాని స్థితి తెలుసుకోండి. రాకపోతే లావాదేవీ నంబరు, సమయంతో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

యూపీఐలో మీ ఖాతా నుంచి డబ్బు పోయి, అవతలి సంస్థకు ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 రోజుల్లోగా అది దానంతటదే వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి. ఆర్బీఐ 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వుల్లో ఈ నిబంధన ఉంది. గడువులోగా డబ్బు రాకపోతే ముందు మీ యూపీఐ యాప్‌లో, ఆ తర్వాత బ్యాంకులో ఫిర్యాదు చేయండి.

చివరి తేదీ ఉన్న దరఖాస్తులను మాత్రం ఆఖరి రోజు దాకా ఆపకండి. డబ్బు వెనక్కి వస్తుంది కానీ, దాటిపోయిన గడువు రాదు.