పట్టుకొనిపోయిన బ్రేకు తీగ

2020 అక్టోబరు 13వ తేదీన హైదరాబాదులో కుండపోతగా వాన కురిసెను. పల్లపు కాలనీలలో ఇండ్ల క్రింది సెల్లార్లు మునిగి, అందు నిలిపిన కార్లు తడిసెను. నగరమునకు వాయవ్యముననున్న బాచుపల్లిలో నేడు అపార్టుమెంట్లు ఎక్కువ. కార్లు నిలుపునది సాధారణముగా సెల్లారులోనే. హ్యాండ్‌బ్రేకు వేసిన కారు తడిసి, వారముల తరబడి కదలకున్నచో, మీట దించినను వెనుక చక్రము తిరుగకపోవచ్చును. లోపలి తీగ పట్టుకొనిపోయినదన్న మాట.

ఈ తీగకు పెద్ద చరిత్రయే కలదు. 1834లో జర్మనీలోని హార్ట్స్ గనుల కొరకు విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలతో త్రాడు పేనించెను. గొలుసులో ఒక్క కడియము తెగినను బరువంతయు పడిపోవును. పేనిన త్రాటిలో ఒక తీగ తెగినను మిగిలినవి మోయును. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అట్టి సన్నని త్రాటిని తీగచుట్టల ఒరలో నుంచి బ్రిటిష్ పేటెంటు పొందెను. ఒర కదలక నిలుచుటచే లోపలి తీగ లాగుడు వంకర దారిలో కూడ అందును. సైకిలు బ్రేకు తీగ కూడ ఇట్టిదే.

తొలి కార్లలో కాలిబ్రేకు సైతము కడ్డీలతో, తీగలతో పనిచేసెడిది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ద్రవపీడన బ్రేకులతో వచ్చెను. అయినను హ్యాండ్‌బ్రేకులో తీగ నిలిచినది. ఏలన, గొట్టము పగిలి ద్రవము కారిపోయినచో కాలిబ్రేకు పనిచేయదు. అపుడు ద్రవముతో సంబంధములేని బ్రేకు మరొకటి కావలెను. 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్‌లో రెండు పద్ధతులును ఉండెడివి.

అయితే తీగకు తుప్పు శత్రువు. ఒర పైతొడుగు చిరిగినచో నీరు చొరబడును. ఇనుము తుప్పుగా మారినపుడు దాని ఘనపరిమాణము రెండింతలకు మించును. ఇరుకైన ఒరలో తీగ కదలుటకు చోటుండదు.

దానిని తీయుటకు ముందు సమతలమున ముందు చక్రములకు అడ్డు పెట్టి, కారును జాకీతో లేపి, గట్టి స్టాండ్లపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు. మీట దించి, తీగ బిగింపు నట్టు వదులు చేసి, చక్రమును, డ్రమ్మును తీయవలెను. డ్రమ్ము రానిచో షూల సర్దుబాటు మరను వదులు చేయవలెను. పాత షూలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక ధూళిని ఊదరాదు. షూ వెనుకనున్న మీట నుండి తీగకొనను తప్పించిన పిదప, ఒరకొన వెనుక పలకలో మిగులును. దానిని పట్టియుంచు స్ప్రింగు రెక్కలపైకి సరిపడు రింగు స్పానరును నెట్టిన అవి ముడుచుకొనును. ఒర వెలుపలికి వచ్చును. తుప్పు మొండికేసినచో చొచ్చుకొనిపోవు నూనె పోసి కొంతసేపు ఆగవలెను. నూనె షూలకు అంటరాదు.

పట్టుకొనిపోయిన తీగను బాగుచేసి మరల వాడరాదు. క్రొత్తది వేసి, రెండు చక్రములును సమముగా పట్టుచున్నవో లేవో చూడవలెను. కాలిబ్రేకు విఫలమైన నాడు ప్రాణములు ఆ తీగపైననే ఆధారపడును.